పెద్దిరాజు పేరు కొట్టివేసిన కారణము

రేవులంక, 1899
పోలవరం డివిజను దొరవారి సముఖమునకు రేవులంక కాపురస్థుడు భీమరాజు వ్రాసికొను అర్జీ.

అయ్యా,

విషయం: మన్యపు పితూరీలో చేరి పరారీ అయిన నా తండ్రి పెద్దిరాజు జీవించియున్నాడో, గతించినాడో సెలవిప్పించుట గురించి.

1. ఇరువదేండ్ల క్రిందటి ఆ తిరుగుబాటునాటికి నేను చంకబిడ్డను. తండ్రి ముఖమెరుగను. ఆయన ఠాణా తగులబెట్టినాడని తమవారు, తగులబెట్టినది మా కొంపేనని మా పెదనాన్నగారు చెప్పుదురు. రెండును నిజమే కావచ్చును. వాదించుటకు నాకు ఓపిక లేదు.

2. ఆచూకీకై మొన్న వేసవిలో పడవమీద కొండలకు పోతిని. ఆయనతో తిరిగిన చిట్టియ్య అను ముసలివాడు దొరికెను. “కాలికి గుండు తగిలిందండి. నడవలేకపోయారు. మమ్మల్ని పొమ్మన్నారు. ఎల్లిపోయామండి” అనెను. తరువాతి సంగతి తెలియదట. అతడు పెట్టిన అంబలి త్రాగి తిరుగు పడవ ఎక్కితిని. ఏడుపు రాలేదు. రావలెనేమో, తెలియదు.

3. తద్దినము పెట్టుటకు తిథి లేదు. పన్నెండేండ్లు జాడ తెలియనివానికి దర్భలతో బొమ్మచేసి దహనము చేయవచ్చునని పురోహితులవారు చెప్పిరి. మా తల్లి సూర్యకాంతమ్మ ఒప్పలేదు. “సర్కారు వాళ్ళే ఇంకా వెతుకుతున్నారు గదా, కన్నకొడుకువి నువ్వు తగలబెట్టేస్తావేంట్రా?” అన్నది.

4. ఆమె మాటకు ఆధారము కలదు. ఏటేటా కోతలకు ముందు ఠాణా జవాను వచ్చి, గాదె, అటక వెదకి, “పెద్దిరాజు వచ్చాడా?” అని అడిగి పోయెడివాడు. “ఇంకా రాలేదు బాబూ” అని చెప్పి మా తల్లి తలంటుకొని కుంకుమ దిద్దుకొనెడిది. ఆ నెల మాత్రము బంధువులు ఆమెను పేరంటములకు పిలిచెడివారు. తక్కిన నెలలలో ముత్తైదువో కాదో తేలక ఊరకుండెడివారు.

5. ఈ యేడు జవాను రాలేదు. ఠాణాలో విచారింపగా పేరు కొట్టివేసిరట. చనిపోయినందున కొట్టివేసిరా, విసుగుపుట్టి కొట్టివేసిరా అని అడిగితిని. “రెండిటికీ తేడా ఏంటండి?” అని అచ్చటి రైటరుగారు నన్నే అడిగిరి. తేడా కలదు. మా తల్లి బొట్టు ఉంచుకొనుటయో తీసివేయుటయో దానిమీద నున్నది.

కావున నా తండ్రి గతించియున్నచో ఆ తేదీ వ్రాయించి దయచేయుదురని నమ్మి పంపుకొన్న ఈ నాలుగు ముక్కలు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
భీమరాజు

తా.క.: ఇది మడిచిపెట్టిన పిమ్మట మా తల్లి మంచము పట్టినది. గంజి కూడ ముట్టుట లేదు. వీధిలో ఎవరి నీడ కదలినను “జవానా?” అని అడుగుచున్నది. నాకు భయముగా నున్నది. తేదీ అక్కరలేదు. తమవద్ద ఉన్నను వ్రాయవద్దు. ఒక్కసారి జవానును పంపి మా ఇల్లు సోదా చేయించండి బాబూ. అమ్మకు చెవులు మందగించాయి. పెద్దిరాజు వచ్చాడా అని కాస్త గట్టిగా అడగమనండి.