గురుబారి అని ఎందుకు పెట్టావు, పైడీ?

పైడమ్మా,

ఎలా ఉన్నావని నిన్ను అడగవచ్చో లేదో తెలియదు... అయినా అడుగుతున్నాను. మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వు వెళ్ళిపోయాక ఇది రెండో కాఫీ కోత. పళ్ళు కోయడం నిన్నటితో అయిపోయింది. ఈ వేళ తోటలో పని లేదు. పిల్ల అరుగు మీద నిద్రపోతోంది. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

నీకు చదువు రాదు. ఉన్నన్నాళ్ళూ నీకు ఒక్క ఉత్తరం రాయలేదు. పక్కనే ఉన్న మనిషికి ఉత్తరమేమిటి? ఇప్పుడు రాస్తే ఎవరు చదివి వినిపిస్తారు? అదీ తెలియదు. కానీ నిన్నొక మాట అడగాలి. అడగడానికి ఇంకో దారి కనబడలేదు.

దాని పేరు గురించి.

అది పుట్టినప్పుడు నేను ఇక్కడ లేను కదా. దొర కాఫీ మూటలతో ఎడ్లను తోలుకుని కిందికి దిగాను. కూతురు పుట్టిందన్న కబురు దారిలోనే అందింది. మీ అమ్మ పేరు పెట్టాలా, మా అమ్మ పేరు పెట్టాలా అని ఘాటీ పొడుగునా ఆలోచించుకుంటూ ఎక్కాను. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో పిల్లను నా చేతుల్లో పెట్టి, "ఇదిగో మావా, గురుబారి" అన్నావు.

వేళాకోళం అనుకున్నాను. కాదని తెలిశాక ఇదేం పేరని అడిగాను. నువ్వు నవ్వి, "సెప్తానులే. ఇప్పుడు సెప్పినా నీకర్దం కాదు. దానికి మాటలొచ్చినాక ఇద్దరికీ ఒక్కపాలే సెప్తాను" అన్నావు.

వానలు పట్టాయి. నీకు కొండ జ్వరం వచ్చింది. పోస్టాఫీసు నుంచి క్వినైను పొట్లాలు తెచ్చి నీళ్ళలో కలిపి పట్టాను. తాగినదంతా కక్కేశావు. ఆ జ్వరంలో ఎన్నెన్నో మాట్లాడావు... మీ ఊరి చెరుకు తోట గురించి, ఎప్పుడో తప్పిపోయిన గేదెదూడ గురించి. ఈ ఒక్కటీ చెప్పలేదు.

దానికి మాటలొచ్చాయి పైడీ. చెప్పాల్సిన దానివి నువ్వు లేవు.

మొదట్లో నాకు నేనే ఒక సమాధానం చెప్పుకున్నాను. మీ వీధిలో పైడమ్మా అని కేకేస్తే ఎంతమంది పలికేవాళ్ళు! అమ్మవారి పేరని ఇంటికొక పైడమ్మ. బావికాడ పైడమ్మ, నల్ల పైడమ్మ, కుంటి పైడమ్మ... నిన్ను చిన్న పైడమ్మ అనేవారు. పెళ్ళినాటికి నువ్వు మీ అమ్మ కంటే పొడుగు! "నా గుంటని, నా కూతుర్ని పిలిత్తే అదొక్కర్తే పలకాల మావా" అనేదానివి. ఎవరికీ లేని పేరు వెతికి పెట్టుకుందిలే అనుకుని సరిపెట్టుకున్నాను.

కానీ అర్థం ఏదో ఉండాలి కదా? తోట లెక్కలు రాసే రైటరు గారు పురాణాలు తెలిసిన మనిషి. ఆయన్ని అడిగాను. కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించి, "గురుభార్య అయ్యుంటుందోయ్ అప్పన్నా. నోరు తిరక్క గురుబారి అయింది. గురుభార్య అంటే తార. బృహస్పతి పెళ్ళాం" అన్నారు. నేను సంతోషపడ్డాను. అంతలోనే ఆయన ముఖం అదోలా పెట్టి, ఆ తార చంద్రుడితో వెళ్ళిపోయిన సంగతి చెప్పి, ఆడపిల్లకి పెట్టే పేరు కాదే అన్నారు. నువ్వు ఏ పురాణం విన్నావని ఆ పేరు పెడతావు? ఆ రోజు అన్నం సరిగ్గా తినలేకపోయాను.

తరవాత అరకు సంత. పిల్లను భుజాన ఎక్కించుకుని వెళ్ళాను. బుద్రి కూడా వచ్చింది. బుద్రి నీకు పురుడు పోసిన కొండ ముసలమ్మే. నువ్వు పోయినప్పటి నుంచి నేను తోటలో ఉన్నంతసేపూ పిల్ల ఆమె దగ్గరే. ఉప్పు బేరం చేస్తూ పిల్లను కిందికి దింపాను. గాజుల వాళ్ళవైపు పరుగు తీసింది. "గురుబారీ!" అని గట్టిగా అరిచాను.

పైడీ, సంత సంతంతా వెనక్కి తిరిగి చూసింది! పసుపు కొమ్ములమ్మే మనిషి, అడ్డాకుల మోపు దించుకుంటున్న పిల్ల, కోడిని చంకన పెట్టుకున్న ముసలిది... ఒకావిడ నవ్వు ఆపుకోలేక, "ఏ గురుబారి కావాల బాబూ నీకు?" అంది.

కింద ఒక్కరికీ లేని పేరు ఇక్కడ, మీ వీధిలో పైడమ్మలు ఎంతమందో అంతమందికి ఉంది. నీకు తెలుసా ఇది? తెలిసే పెట్టావా? మరి అదొక్కర్తే పలకాలన్న మాట ఏమైంది?

తిరిగి వస్తూ బుద్రిని అడిగాను. దారిలో బండను చూపించి ఇది బండ అని చెప్పినంత తేలిగ్గా చెప్పింది.

"గురుబారంటే లచ్చివారం బాబూ. లచ్చివారం పుట్టినోల్లు గురుబారి. నాను బుదవారం పుట్టినాను, బుద్రిని."

ఇంతేనా! గురువారం! దీనికోసమా నేను అన్నం మానేశాను? దారంతా నవ్వుకుంటూనే వచ్చాను. ఇంటికి వచ్చి పిల్లకి చోడి అంబలి పడుతుంటే అప్పుడు గుర్తొచ్చింది. నేను మూటలతో దిగింది శుక్రవారం. దిగిన మర్నాడే పుట్టిందని నువ్వే చెప్పావు. మర్నాడంటే శనివారం కదా? శనివారం పుట్టిన పిల్లకి గురువారం పేరేమిటి?

పొద్దున్నే బుద్రిని మళ్ళీ అడిగాను. సామలు చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"అది దీని రోజు కాదు బాబూ. మా గుంట రోజు."

అప్పుడు చెప్పింది. వాళ్ళలో పోయినవాళ్ళే మళ్ళీ పిల్లలై వస్తారట. పేరు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు పెట్టరట. ఆకు దొన్నెలో నీళ్ళు పోసి, రెండు బియ్యపు గింజలు వదిలి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పలుకుతారట. ఏ పేరుకి గింజలు రెండూ ఒకచోటికి చేరితే ఆ మనిషే తిరిగి వచ్చినట్టు. "నువ్వప్పుడు ఇక్కడ నేవు. మీ ఆవిడ అడిగినాది, ఏసినాం" అంది. ఆమెకి ఒక్కతే కూతురట. పెళ్ళీడుకొచ్చాక ఒక వానాకాలం జ్వరానికి పోయిందట. పేరు గురుబారి.

ఆ రోజు నుంచి బుద్రి పిల్లకు నీళ్ళు పోస్తుంటే తోటకు వెళ్ళబుద్ధి కాలేదు. నలుగు పెట్టి ఆ వీపు నిమురుతుంది చూడు... ఎవరి వీపు నిమురుతున్నట్టు? నీ కూతురినా? తన కూతురినా? పిల్లను ఆమె దగ్గర ఉంచలేను. తీసేసుకుంటే ఎవరి దగ్గర ఉంచను? నువ్వుంటే ఒక్క కసురు కసిరి తేల్చేసేదానివి.

ఇంతలో మీ అమ్మ వచ్చింది. సాలూరు అవతల నుంచి బండి మీద కొండ కింద దాకా, అక్కడి నుంచి డోలీలో. చిక్కిపోయింది పైడీ. వచ్చీ రాగానే పిల్లను ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది.

"ఇదేటి పేరు బాబూ? కొండ పేరెట్టింది, కొండ మింగేసినాది నా గుంటని. దీన్నయినా నాకియ్యి. పైడమ్మని పేరెట్టుకుంటాను. నా ఇంట్లో మల్లీ పైడమ్మా అని కేకేసుకుంటాను."

గుమ్మం పక్కన ఉన్న బుద్రి చేట కింద పెట్టింది. "పేరు తీసేత్తే గుంట ఉండదమ్మా. మల్లీ ఎలిపోద్ది" అంది మెల్లగా.

ఇద్దరూ నావైపు చూశారు. తోటలో అంతమందిచేత పని చేయించే మేస్త్రీని... కింద పెట్టిన ఆ చేట తీసి గోడకు ఆనించాను. పేరు ఉంచితే చచ్చిపోతుందని ఒకరు, తీస్తే చచ్చిపోతుందని ఒకరు. ఇవన్నీ నేను నమ్మననే అనుకునేవాడిని. పిల్ల మీదికి వచ్చేసరికి రెండూ నమ్మాను.

చివరికి మీ అమ్మ మాటే ఒప్పుకున్నాను. నిన్ను కన్నది. ఎలా కాదంటాను? శుక్రవారం నాడు పీట వేశాం. పళ్ళెంలో బియ్యం పోసి మీ అమ్మ తన ఉంగరం తీసి నాకిచ్చింది. బియ్యంలో 'పై' అని రాశాను. తరవాతి అక్షరం దగ్గర చెయ్యి ఆగింది... ఎందుకో తెలియదు. మీ అమ్మ చూసుకోలేదు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని, చెవిలో పేరు చెప్పడానికి వంగింది.

వంగినది వంగినట్టే ఉండిపోయింది. పిల్ల చక్కిలిగింత అనుకుని కిలకిల నవ్వింది. మీ అమ్మ తల ఎత్తేసరికి ఆమె ముఖమంతా కన్నీళ్ళు.

"నా వల్ల కాదు బాబూ... ఇది మన్ను తింటే పైడమ్మా అని కసరాల. పేసీ పెడితే పైడమ్మా అని కొట్టాల. ఇంక నా పైడమ్మని నాను ఏ పేరెట్టి తలుసుకుంటాను? ఈ పేరు దాందే. దానికే ఉండనీ."

అప్పుడు మీ అమ్మ, గుమ్మం అవతల నిలబడ్డ బుద్రివైపు తిరిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"నువ్వెలగిచ్చినావే అక్కా, నీ గుంట పేరు?"

బుద్రి లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది.

"నానివ్వనేదమ్మా. నీ గుంటే తీసుకున్నాది."

మీ ఇంటి పెద్దల పేర్లన్నీ నువ్వు చెప్పావట, తను పలికిందట. ఒక్క పేరుకీ గింజలు కలవలేదట. నీకు పోయినవాళ్ళెవరూ లేరా అని నువ్వు అడిగావట. తను చెప్పలేకపోయిందట. నువ్వు వదిలిపెట్టలేదట. చివరికి కూతురి పేరు చెప్పిందట.

"ఆ పేరుకీ కలవనేదమ్మా. దొన్నెకి ఆ పక్కొకటీ ఈ పక్కొకటీ. అప్పుడు నీ గుంట నీలల్లో ఏలెట్టి రెండిటినీ ఒక్క కాడికి తోసేసినాది. ఇదిగో కలిసినాయి సూడు అన్నాది. నవ్వినాది."

నాకు ఆ నవ్వు వినబడింది పైడీ. ఒట్టు.

మీ అమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. "అలగే సేత్తాది. సిన్నప్పుడు గవ్వలాటలోనూ అలగే" అంది. పిల్ల పళ్ళెంలో చెయ్యి పెట్టి నేను రాసినదంతా అలికేసింది. ఆ బియ్యంలోనే బెల్లం వేసి వండింది మీ అమ్మ. అందరం తిన్నాం.

కానీ నాకు మాత్రం ఏమీ తేలలేదు. ఎందుకు తోశావు? ఆ ముసలమ్మను చూసి జాలేసిందా? ఆట పట్టించావా? పేరు నచ్చిందా, అంతేనా? లేకపోతే... నువ్వు ఉండవని అప్పటికే నీకేమైనా తెలుసా? నీ తరవాత దానికి ఒక తల్లిని చూసి పెట్టావా? అలాగైతే నాతో ఒక్క మాట అనకూడదా?

మర్నాడు బుద్రిని పట్టుకుని అడిగాను. గింజలు వాటంతట అవి కలవలేదని నీ కళ్ళతో చూశావు కదా, మరి నీ కూతురే వచ్చిందని ఎలా నమ్ముతున్నావని. నన్ను చిన్నపిల్లాడిని చూసినట్టు చూసింది.

"ఏలు మీ ఆవిడదే బాబూ. తోయించినది ఎవులో నీకు తెలుసా?"

తెలియదు. నాకేమీ తెలియదు. నీకు తెలుసా?

మీ అమ్మ ఇంకొన్నాళ్ళు ఉండి వెళ్ళింది. ఉన్నన్నాళ్ళూ పిల్లను గుంటా, గుంటా అనే పిలిచింది. వెళ్ళేటప్పుడు డోలీ ఎక్కబోతూ దాని తలకి నూనె రాసి, జుట్టు బిగించి కట్టి, "ఎల్లొత్తానే గురుబారీ" అంది. మీ అమ్మ నోట ఆ పేరు రావడం అదే మొదలు. తరవాత బుద్రి చెయ్యి పట్టుకుని, ఎండలకి పిల్లతో పాటు నువ్వూ రావాలంది. బుద్రి తను పుట్టాక ఒక్కసారీ కొండ దిగలేదట. వస్తానంది.

అందుకని వేసవికి ఇద్దరినీ మీ ఊరు తీసుకెళ్తున్నాను. దొర దగ్గర సెలవు అడిగాను. ఇస్తానన్నాడు. మీ వీధి మొదట్లో బండి దిగగానే పైడమ్మలందరూ చుట్టూ మూగుతారు, ఇదేం పేరని అడుగుతారు. గురువారం అని చెప్తాను. శనివారం పుట్టింది కదా అంటే... ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు. అయినా ఆ వీధిలో, అందరూ వినేలా, దాన్ని ఆ పేరుతోనే పిలుస్తాను. నీకు మాట ఇస్తున్నాను.

అది లేచింది. కళ్ళు నులుముకుంటూ నావైపే వస్తోంది.

ఉంటాను పైడీ.

నీ మావ,
అప్పన్న