నాకు గుర్తులేని మాట

కడప,
బుధవారం.

ప్రియమైన ఆస్మాకు,

సలాం. అందరం క్షేమమని మొదట రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. అమ్మ క్షేమం, చెల్లెలు క్షేమం, ఇప్పుడు నేనూ క్షేమమే. ఈ ‘ఇప్పుడు’ అనే మాట ఎందుకు పడిందో కింద ఉంది. నీ అలవాటు ప్రకారం చివరి పేజీ ముందు చదవొద్దు. వరసగా చదువు.

దావూద్ అన్న నీ ఉత్తరం, ఖర్జూరాల డబ్బా తెచ్చి ఇచ్చాడు. మన పెళ్ళయ్యాక నీ చేతిరాతలో నాకు ఉత్తరం రావడం ఇదే మొదలు. “ఫోనులో నువ్వేందో దాస్తాండావు. గొంతు తేడాగా ఉండాది. కాగితం మీదైతే దాయలేవు, అందుకే రాసి పంపు” అని రాశావు. చదివి ముందు నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. దావూద్ అన్న శుక్రవారం నమాజు అయ్యాక కువైట్‌కు బయలుదేరుతున్నాడు. అతని పెట్టెలో నీకు చెనిక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ, వాటి మధ్యన ఈ ఉత్తరం ఉంటాయి. కాగితానికి నూనె అంటితే అతన్ని తిట్టకు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. వంట నేనే చేసుకుంటున్నాను. సంగటి కుదురుతుంది, రొట్టె మాత్రం ఇప్పటికీ గుండ్రంగా రాదు. అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. నందికొట్కూరులో చెల్లెలి దగ్గరే ఉంది. ఎవరడిగినా “మా వాడు కడపలో పెద్దాసుపత్రిలో నర్సుగా చేస్తాండాడు” అంటుంది తప్ప అది మానసిక రోగుల ఆస్పత్రి అని చెప్పదు. మొన్న ఒకావిడ వదలకుండా అడిగితే “తలకాయ వార్డు” అని చెప్పిందట. ఆవిడ తన తలనొప్పికి నన్ను మందు పంపమంది.

మీ వార్డులో ఒక ఫిలిప్పీన్స్ సిస్టర్ పడుకునే ముందు ఇంటివాళ్ళ ఫొటోతో మాట్లాడుతుందని రాశావు. నువ్వేం చేస్తావో రాయలేదు. నేనేం చేస్తానో చెప్తాను. సాయంత్రం డ్యూటీ దిగి కారం దోసె బండి దగ్గరికి పోతాను. అలవాటు కొద్దీ రెండు చెప్పేస్తాను, ఒకటి కారం తక్కువ అని. బండి ఆయన రెండో పళ్ళెం పట్టుకొని “ఇది ఎవురికప్పా?” అని అటూ ఇటూ చూస్తాడు. అప్పుడు గుర్తొస్తుంది. ఆ కారం తక్కువ దోసె కూడా నేనే తింటాను. చప్పగా ఉంటుంది. నువ్వు ఎట్లా తినేదానివో అనుకుంటూ తింటాను.

ఇంక రెండు ప్రశ్నలు మిగిలాయి. వీడియోలో ముఖం ఎందుకు చూపించవు అన్నది ఒకటి, కువైట్ లైసెన్సు పరీక్ష ఎప్పుడు అన్నది రెండోది. వాటికి జవాబు ఒక్క ముక్కలో రాదు. ఓబుళేశు దగ్గర మొదలుపెట్టాలి.

ఓబుళేశుది ఒంటిమిట్ట. ఇరవై దాటిన పిల్లవాడు, ఐటీఐ చదివాడు. వాళ్ళమ్మ అక్కడ గుడి ముందర టెంకాయలు అమ్ముతుంది. తన అన్నంలో ఎవరో మందు కలుపుతున్నారని, గోడ అవతల నిలబడి తన గురించే మాట్లాడుకుంటున్నారని వాడికి గట్టి నమ్మకం పట్టుకుంది. తిండి మానేశాడు. ఆమె మొదట వాణ్ణి తీసుకొని ఎక్కడెక్కడో తిరిగింది. చివరికి దర్గాకు వస్తే అక్కడ ఒక పెద్దాయన “దువా మేము చేస్తాం, మందు ఆస్పత్రిలో ఇప్పించమ్మా” అని మా ట్రస్టు ఆస్పత్రికి దారి చూపించాడు.

వాడు నా వార్డులోనే చేరాడు. నేను వాడి పక్కన కూర్చొని, వాడి పళ్ళెంలోంచే ముందు ఒక ముద్ద తినేవాణ్ణి. వాడు నా గొంతు వైపు చూసేవాడు, మింగానా లేదా అని. కొన్నాళ్ళకు నా తర్వాత వాడూ ఒక ముద్ద తినసాగాడు. ఆ రోజు నాకు ఎంత సంతోషమో! నీకు ఫోను చేసి చెప్పాను కూడా, ‘ఈరోజు ఒకడు అన్నం తిన్నాడు’ అని. “అదే పెద్ద వార్తనా?” అన్నావు నువ్వు. మా వార్డులో అది పెద్ద వార్తే.

ఒకరోజు పొద్దున మాత్రల వేళ వాడికి నీళ్ళ గ్లాసు అందిస్తున్నాను. అదే సమయానికి నా వెనక ఎవరో ఇనుప మంచాన్ని బండల మీద ఈడ్చారు. ఆ చప్పుడు వాడికి ఏమని వినపడిందో. చేతిలోని స్టీలు గ్లాసుతో నా ముఖం మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆ తర్వాత నాకు గుర్తున్నది బండల చల్లదనం, నోట్లో ఉప్పగా రక్తం. అంతే.

ఫోను కెమెరా చెడిపోలేదు ఆస్మా. చెడిపోయింది నా ముఖం. ఎడమ కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి. కన్ను దక్కింది. వాపు పోయింది, మచ్చ ఉండిపోతుందట. నువ్వు అంత దూరంలో ఉండి ఈ ముఖం చూస్తే ఏమవుతావోనని కెమెరా సాకు చెప్పాను. అమ్మకు కూడా బండి మీద నుంచి పడ్డానని చెప్పాను.

కుట్లు మానాయి. భయం మానలేదు. కారం దోసె బండి దగ్గర ఎవరి చేతిలోంచో గ్లాసు జారి పడితే నా రెండు చేతులూ ముఖానికి అడ్డం పోయాయి. అందరూ చూశారు. వార్డు తలుపు తాళం తీయబోతే తాళంచెవి రంధ్రంలో పడేది కాదు. ఊపిరి నిదానంగా పీల్చు, నిదానంగా వదులు అని పేషెంట్లకు ఇన్నాళ్ళు నేర్పినవాణ్ణి, ఆ తలుపు ముందర నాకే ఊపిరి అందలేదు.

మా హెడ్ సిస్టర్ తిరుపతమ్మ అదంతా చూసింది. ఒకరోజు పిలిచి కూర్చోబెట్టింది.

“ఏమప్పా గౌసూ, భయమైతాందా?”

“లేదు సిస్టర్.”

“నాతో అబద్ధం చెప్పాకు. ఒక పేషెంటు నా చెయ్యి ఇరగ్గొట్టినప్పుడు నేనూ ఆ తలుపు దిక్కు సూడలేకపోతి. భయం వచ్చినోన్ని నేనేమీ అనను. రాలేదని దాచిపెట్టుకున్నోన్నే లోపలికి పోనియ్యను. రేపు పేషెంటు మీద చెయ్యెత్తేది వాడే.”

నేను ఏడ్చాను ఆస్మా. ఆమె ముందరే ఏడ్చాను. ఆమె తలుపు దగ్గరగా వేసి, నేను చాలించేదాకా పక్కనే కూర్చుంది. తర్వాత వార్డులో పనిచేసే అందరినీ పిలిచి, తప్పెవరిదని కాకుండా, మళ్ళీ జరగకుండా ఏం చేద్దామని మాట్లాడించింది. మంచాల కాళ్ళకు రబ్బరు తొడుగులు వచ్చాయి. స్టీలు గ్లాసులు పోయి కాగితం కప్పులు వచ్చాయి. నన్ను మాత్రం, నా అంతట నేను అడిగేదాకా బయట ఓపీలో ఇంజెక్షన్ గదిలో ఉండమంది.

నువ్వు మీ ఆస్పత్రిలో మెడికల్ వార్డులో ఖాళీ ఉందని, పరీక్ష రాసి వచ్చేయమని చెప్పింది అప్పుడే. ఆ వారమే నేను పరీక్షకు పేరు నమోదు చేసుకున్నాను. నీకు చెప్పకుండా, తేదీ వచ్చాక సంతోషపెడదామని. నీ పక్కన కూర్చొని అన్నం తినాలని, నువ్వు డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు చాపుకుంటే చూడాలని ఎంత కోరికగా ఉండేదో! ఇక్కడ ఇంజెక్షన్లు వేస్తున్నా మనసంతా అక్కడే.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున ఆ గదిలోకి ఓబుళేశు వచ్చాడు. ఈలోగా వాడు నయమై ఇంటికి పోయాడు. నెలకొకసారి ఇంజెక్షన్ వేయించుకోవాలి. దానికే వచ్చాడు. తల నున్నగా దువ్వుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వెనక వాళ్ళమ్మ. నన్ను చూడగానే ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. వాడు మాత్రం వచ్చి స్టూలు మీద కూర్చొని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

“బ్రదర్, శానా నెప్పిగా ఉంటాదా?”

“చీమ కుట్టినట్టు ఉంటాదప్పా, అంతే.”

మందు సిరంజిలోకి ఎక్కిస్తుంటే నా చెయ్యి నా మాట వినలేదు. వాడు చూశాడు.

“నీ చెయ్యి అదురుతాంది బ్రదర్. ఈడ కొత్తగా చేరినావా?”

వాడు ఎగతాళికి అనలేదు. ఆ రోజులేవీ వాడికి గుర్తులేవు. తన పళ్ళెంలోంచి నేను తిన్న ముద్దా గుర్తులేదు, గ్లాసూ గుర్తులేదు. ఇంకాస్త పరికించి, “ఆ కంటి మీద మచ్చేంది?” అన్నాడు. గుమ్మంలో వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“తలుపు తగిలిందప్పా,” అన్నాను.

“అయ్యో, సూసుకోవాల గదా!” అని వాడు నిజంగానే బాధపడ్డాడు. ఇంజెక్షన్ వేశాను. వాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అయిపోయిందని చెబితే నమ్మలేదు.

వాడు మందుల కిటికీ దగ్గరికి పోయాక ఆమె లోపలికి వచ్చింది. వస్తూనే నా కాళ్ళ మీదికి వంగబోయింది. చేతులు పట్టుకొని ఆపి స్టూలు మీద కూర్చోబెట్టాను.

“వానికి నేను చెప్పల్యా నాయనా. చెప్తే దిగులుతో మల్లా యాడ పాడైతాడోనని బయం.”

“చెప్పొద్దులేమ్మా. ఇప్పుడే చెప్పొద్దు.”

“ఆ పొద్దు నేను తలుపు కాన్నే ఉండా. నీ మొగమంతా నెత్తురు. ఇద్దురు మగోళ్ళు మా వాన్ని ఒడిసిపట్టుకోని చెయ్యెత్తినారు. నువ్వు కింద పడుండే అరిచినావు, ‘వాన్ని కొట్టాకండి, వాడు బయపడినాడు’ అని. రెండుసార్లు అరిచినావు. వాళ్ళు చెయ్యి దించినారు. యాడికి తీస్కపోయినా మా వాన్ని కట్టేసినోళ్ళే, కొట్టినోళ్ళే నాయనా. కొట్టాకండి అన్నోన్ని నిన్నే చూసినా. రేపు మల్లా వానికి తిరగబెడితే నువ్వు లోపల ఉంటావు గదా?”

ఆమెను వాడి దగ్గరిదాకా దిగబెట్టాను. ఆమె పోయాక నేరుగా తిరుపతమ్మ సిస్టర్ దగ్గరికి పోయి అడిగాను, నేను అట్లా అరిచానా అని.

“అరిచినావు. అందురూ ఇన్న్యారు. నీకు తెలీదా?” అని ఆమే ఆశ్చర్యపోయింది.

నాకు తెలీదు ఆస్మా. ఇప్పటికీ ఎంత గుర్తు తెచ్చుకున్నా ఆ మాట రాదు. వాడికి కొట్టింది గుర్తులేదు, నాకు అరిచింది గుర్తులేదు. వరండా బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నేనొక పిరికివాణ్ణని, ఈ పనికి పనికిరానని లోలోపల ముద్ర వేసుకొని తిరుగుతున్నాను. స్పృహ సగం పోయిన వేళ నా నోట్లోంచి వచ్చింది వాణ్ణి కొట్టొద్దనే మాటట. మర్నాడు పోయి వార్డు తాళం అడిగాను. సిస్టర్ ఇచ్చింది. తాళంచెవి ఆ రోజూ తడబడింది, ఇప్పటికీ ఒక్కోసారి తడబడుతుంది. తలుపు తీసి లోపలికి పోతున్నాను.

ఇంక నువ్వు అడిగిన పరీక్ష సంగతి. అది అయిపోయింది. నేను రాయలేదు.

హైదరాబాదు బస్సు ఎక్కాను. అబద్ధం చెప్పను, రాయాలనే ఎక్కాను. కర్నూలు బస్టాండులో టీకి దిగాను. నర్సింగు చదివే రోజుల్లో నువ్వు తెల్ల యూనిఫాంతో నిలబడే చోటు కనిపించింది. మానసిక వార్డులో మనకు మొదటిసారి డ్యూటీ పడినప్పుడు “నాకు ఈ వార్డు వద్దు గౌసూ, అందురూ నన్నే సూస్తాండారు” అని నువ్వు అక్కడే ఏడ్చావు. నేను నవ్వి, వాళ్ళు చూసేది మనిషి కోసమే కదా అన్నాను. అప్పుడేం తెలిసి అన్నానో. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. బస్సు పోయింది. నేను తిరుగు బస్సు ఎక్కి కడపకు వచ్చేశాను.

నీ దగ్గరికి రావాలని లేక కాదు. పేరు నమోదు చేసుకున్నప్పుడు నా కోరికలో సగం నువ్వు, సగం ఆ తలుపు నుంచి పారిపోవడం. ఇప్పుడు ఆ రెండో సగం పోయింది. మిగిలింది నీ మీద బెంగ ఒక్కటే. నీ పక్కనైతే ఉండొచ్చు గానీ, అక్కడ మెడికల్ వార్డులో సెలైన్లు మారుస్తూ, ఇక్కడ అన్నం ముట్టనివాడి పక్కన ఎవరు కూర్చున్నారోనని రోజూ అనుకుంటాను. అట్లాంటి సగం మనిషిని నీకు ఇవ్వలేను.

ఇంకొకటి కూడా ఉంది. బెంగళూరులో సైకియాట్రిక్ నర్సింగులో ఏడాది డిప్లొమాకు తిరుపతమ్మ సిస్టర్ నా పేరు పంపింది. సీటు వచ్చింది. తిరిగొచ్చాక కొత్తగా చేరేవాళ్ళకు నేర్పే పని నాదే. మనిషి భయపడినప్పుడు ఎంత దూరంలో నిలబడాలి, ఏ గొంతుతో మాట్లాడాలి, ఎప్పుడు ఊరకే ఉండాలి అన్నవి. దెబ్బ తిన్నవాళ్ళతో ఎట్లా కూర్చోవాలో కూడా.

నువ్వు వద్దంటే పోనని రాద్దామనుకున్నాను. రాసి కొట్టేశాను. అది నిజం కాదు, నేను పోతాను. అయినా నీకు కోపం వస్తే ఆ కోపం నాకు రాయి. ఏడుపు వస్తే అదీ రాయి. బాగున్నాను అని మాత్రం రాయకు, ఆ మాట వెనక ఏముంటుందో మనిద్దరికీ ఇప్పుడు తెలుసు. మన ఎడబాటు ఇంకో ఏడాది పొడిగించినవాణ్ణి నేనే.

బక్రీదుకు నీకు సెలవు దొరుకుతుందన్నావు. ఈసారి టిక్కెట్టు బెంగళూరుకు తీసుకో. హాస్టలులో ఆడవాళ్ళను రానివ్వరు, దగ్గరలో ఒక గది చూసి పెడతాను. నేను విమానాశ్రయం బయట కటకటాల పక్కన నిలబడి ఉంటాను. అంత జనంలో, అన్ని బురఖాల మధ్య నిన్నెట్లా గుర్తుపడతానని దిగులు పడొద్దు. నడిచేటప్పుడు నీ కుడికాలి చెప్పు కొంచెం ఈడుస్తావు, ఎవరూ నీకు చెప్పి ఉండరు. నేను కళ్ళు మూసుకొని ఆ చప్పుడు కోసమే వింటూ ఉంటాను.

ఇట్లు,
నీ చెప్పుల చప్పుడు కోసం కాచుకొని ఉన్న
నీ ఇంటాయన,
గౌస్ పీర్