పాస్‌పోర్టులోని పుట్టినరోజు

శైలూ,

ఈ రోజుకు నువ్వు పోయి ఏడాది. మన మేఘన లివింగ్ రూమ్ కార్పెట్ మీద మాస్కింగ్ టేపుతో పెద్ద వలయం వేసింది. స్మోక్ అలారం మోగుతుందని నాలుగు దిక్కులా బ్యాటరీ కొవ్వొత్తులు పెట్టింది. సెరిమోనియల్ మ్యాజిక్ అట. నిన్ను పిలుస్తుందట.

"చేతబడా తల్లీ?" అన్నాను భయంగా.

"కాదు డాడీ. అమ్మ సాల్ట్‌తో దిష్టి తీసేది కదా, అలాంటిది ఫోక్ మ్యాజిక్. కిచెన్‌లో ఏది ఉంటే అది చాలు. విచ్‌క్రాఫ్ట్ అంటే మూన్, సీజన్స్ ఫాలో అవుతారు, చాలావరకు మన ఇష్టం. ఇది అలా కాదు. బుక్‌లో ఉన్నట్టే చెయ్యాలి. డైరెక్షన్, టైమ్, నేమ్, బర్త్ డేట్, అన్నీ ఎగ్జాక్ట్‌గా ఉండాలి. ఒక్కటి తప్పైనా వర్క్ అవ్వదు."

ఒక్క మాట పొల్లుపోకుండా నువ్వు వ్రతం చేసుకోవడం గుర్తొచ్చి, వద్దనలేకపోయాను.

నీ పాస్‌పోర్టులోని పుట్టిన తేదీ కాగితం మీద రాసుకుని వలయం మధ్యలో కూర్చుంది. గంటసేపు పిలిచింది. చివరికి తలెత్తి, "ఎవ్రీథింగ్ కరెక్ట్‌గా చేశాను డాడీ. అమ్మ ఎందుకు రాలేదు?" అంది.

పాస్‌పోర్టులో ఉన్నది నిన్ను బళ్లో చేర్చేటప్పుడు మీ నాన్న వేయించిన తేదీ. అసలు తేదీ పెళ్లైన కొత్తలో ఒకసారి చెప్పావు. "పేపర్లలో ఉన్న రోజే కేక్ కోద్దాంలే, ఈజీగా గుర్తుంటుంది" అన్నాను. పద్దెనిమిదేళ్లు అలాగే కోశాం.

"ఏదో మిస్టేక్ చేసుంటాను. మళ్లీ చేస్తాను" అంటూ మేఘన టేపు సరిచేస్తోంది. నిజం చెబితే, మరి అసలు తేదీ ఏదని అడుగుతుంది.

నాకు గుర్తు లేదు శైలూ.