సంతకం కింద సంగతి

పిల్లల టీవీ ఉత్తరాల అధికారి గారికి,

నమస్కారం. నా దర్జీ షాపు పై వాటాలో ఉండే అమ్మమ్మని రాస్తున్నాను. ఇక్కడ ఇంటిల్లిపాదీ క్షేమం, ఒక్క మా మనవరాలి బూట్లు తప్ప. తమరి ఆఫీసులో కూడా అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం చదివాక ఎలా ఉంటారో చెప్పలేను.

సాయంత్రం అయిదింటి కార్యక్రమం నడిపే అమ్మాయి గురించి రాయాల్సి వచ్చింది. పిల్లలంతా చకచక అక్క అంటారు. ఎడమ చెయ్యి మోచేతి కిందనే ఆగిపోయిన అమ్మాయి. ఆ చెయ్యి చూసిన రోజు నుంచి మా పిల్లకి కుదురు లేదు. ఏడేళ్ల పిల్ల, ఇంట్లో పిడుగు అంటాం. పాలు తాగదు. పిలిస్తే పలకదు. మంచం కింద దూరి కూర్చుంటుంది. బడికి రోజూ ఆలస్యమే. టీచరమ్మ నన్ను పిలిపించి చీవాట్లు పెట్టింది. ఈ వయసులో నాకిది అవసరమా? మీరు తక్షణం ఏదో ఒకటి చెయ్యాలి.

ఇట్లు,
దర్జీ అమ్మమ్మ

తా.క.: ఆ అమ్మాయి బూటు లేసు ఒంటిచేత్తో ముడి వేసింది కదా, కొసని పొట్టి చేత్తో ఎలా అదిమిందో చూద్దామనేసరికి మీవాళ్లు మొహం చూపించారు. మొహం మాకు తెలిసిందే. చెయ్యి దగ్గరగా చూపించండి. పిడుగు ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని మంచం కింద అదే పని మీద ఉంది. ముడి పడేదాకా బడికి కదలనంటుంది.

*

గౌరవనీయులైన అమ్మమ్మగారికి,

వినయపూర్వక నమస్కారాలు. తమ ఉత్తరం సంతకం దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివాను. పసిపిల్ల మంచం కింద దాక్కుందన్న దగ్గర నా ప్రాణం ఉసూరుమంది. టీ కూడా చల్లారిపోయింది.

సదరు విషయం పిల్లల మనసు మీద పనిచేస్తుందని నాకు మొదటి నుంచీ అనుమానమే. ఆ అమ్మాయి నేర్పరి, మంచి మనిషి, రోజూ నన్ను పలకరించి గానీ లోపలికి వెళ్లదు. అయినా జనం ఒప్పుకోవద్దూ? ఇకపై ఆమె పొడుగు చేతుల చొక్కా వేసుకుంటుంది. సదరు విషయం ఎవరి కంటా పడదు. పాపకి ధైర్యం చెప్పండి.

తమ విధేయుడు,
ఉత్తరాల అధికారి

*

ఉత్తరాల అధికారి గారికి,

అమ్మమ్మ దీవెనలు, ఈసారికి కొంచెం తక్కువగానే. తమ జవాబు అందింది. సగం అర్థమైంది. అర్థమైన సగం నచ్చలేదు.

నిన్నటి కార్యక్రమం చూశాను. చూశానంటే, చూడలేకపోయాను. అదేం అవతారం నాయనా! పిల్లల ముందు మనిషిని అలాగేనా నిలబెట్టేది? నాకే మొహం తిప్పుకోవాలనిపించింది, ఇక పసిదాని సంగతి చెప్పాలా? ఒకటే ఏడుపు. ఇంత ఘోరం నేను తెర మీద ఎన్నడూ చూడలేదు. పిల్ల గీసిన బొమ్మ ఒకటి జత చేస్తున్నాను, చూసి తెలుసుకోండి.

ఇట్లు,
దర్జీ అమ్మమ్మ

తా.క.: ఆ చొక్కా కుట్టినవాణ్ణి నా షాపు గుమ్మం తొక్కనివ్వను. భుజాలు జారిపోయాయి. ఎడమ చెయ్యి తలగడ గలీబులా వేలాడుతోంది. గలీబులోంచి లేసు కడితే మాకేం కనబడుతుంది, నా తలకాయ? బొమ్మలో పొట్టి చేతికి ఎర్ర రంగు ఎందుకు వేశావే అని అడిగితే, నా పెన్సిళ్లలో అదే మంచిది అంది. ధైర్యం చెప్పమన్నారు. దాని ధైర్యం తగ్గించే ఉపాయమేదైనా ఉంటే నాకు చెప్పండి.

*

గౌరవనీయులైన అమ్మమ్మగారికి,

నమస్కారాలు. బొమ్మ అందింది. ఎర్ర రంగు చూసి రక్తమేనని హడలిపోయాను. ఆఫీసంతా తిప్పి చూపించాను. అందరూ తలలు పట్టుకున్నారు.

చొక్కాతో పని జరగలేదని ఒప్పుకుంటున్నాను. అందుకే కొత్త ఏర్పాటు చేశాం. ఆమె ముందు ఒక బల్ల, బల్ల మీద పెద్ద ఏనుగు బొమ్మ. ఏనుగంటే ఇష్టపడని పిల్లలుంటారా? సదరు విషయం మొత్తం ఏనుగు చాటున ఉండిపోతుంది. చెప్పుకోకూడదు గానీ, ఈ ఆలోచన పూర్తిగా నాదే.

తమ విధేయుడు,
ఉత్తరాల అధికారి

*

ఉత్తరాల అధికారి గారికి,

దీవెనలు నిండుకున్నాయి. నేరుగా సంగతికి వస్తాను.

ఆ ఏనుగు ఎవరికి కావాలి? ఏనుగు చాటునుంచి సగం మనిషిని చూపించడమేమిటి? అలా చూపించే బదులు కార్యక్రమమే మానెయ్యండి, పీడా పోతుంది. మా వీధి పిల్లలంతా అయిదింటికి టీవీ కట్టేసి బయటికి పోతున్నారు. దీనితో ఒక పార్సిలు పంపుతున్నాను. అది చూసైనా బుద్ధి తెచ్చుకోండి.

ఇట్లు,
దర్జీ అమ్మమ్మ

తా.క.: పార్సిల్లో చొక్కా ఉంది. ఆ అమ్మాయి కోసం కుట్టాను. ఎడమ చెయ్యి ఆమె చెయ్యి ఉన్నంతవరకే ఉంటుంది, అంచు మెత్తటి గుడ్డతో మడిచాను, ఒరుసుకోదు. ఆదివారం పాత కార్యక్రమం మళ్లీ వేశారు కదా, అప్పుడు టీవీ మీద టేపు పెట్టి కొలత తీశాను. పక్కనున్న బూటు సైజుని బట్టి లెక్కగట్టాను. నేను కొలుస్తున్నంతసేపూ పిడుగు "అక్కా, కదలకు! అక్కా, కదలకు!" అని టీవీ మీద అరుస్తూనే ఉంది. ఆ అమ్మాయి వింటేనా!

*

గౌరవనీయులైన అమ్మమ్మగారికి,

నమస్కారాలు. పార్సిలు విప్పి చూశాను. చొక్కా ఎడమ చెయ్యి కుడి చేతి కంటే బాగా పొట్టిగా ఉంది. తమవంటి చెయ్యి తిరిగిన దర్జీ కూడా కొలత తప్పారంటే, ఎంత మనోవేదనలో ఉండి కుట్టారో ఊహించగలను. లోపమున్న ఆ చొక్కాని ఫిర్యాదుల కట్టలో భద్రంగా పెట్టించాను.

తమ కోరిక మన్నించాం. అనేకమంది ప్రేక్షకుల ఫిర్యాదుల దృష్ట్యా సోమవారం నుంచి ఆ అమ్మాయి తెర మీద కనిపించదు. ఆమెకి ఆఫీసులోనే వేరే పని ఇచ్చాం. విని, తన బూట్ల పెట్టె తీసుకుని మెట్లు దిగింది. కొత్తవారు దొరికేదాకా ఏనుగే కార్యక్రమం నడుపుతుంది.

తమ విధేయుడు,
ఉత్తరాల అధికారి

*

అధికారీ,

ఎవరయ్యా ఆ అనేకమంది? పేర్లూ చిరునామాలూ పంపండి. కత్తెర పక్కనపెట్టి, షాపుకి తాళం వేసి, గడప గడపకీ వెళ్లి ఒక్కొక్కళ్లనీ కడిగేసి వస్తాను. ఒక పిల్ల తన పని తాను హాయిగా చేసుకుంటుంటే వాళ్లకేం పోయింది?

మా పిడుగు చెయ్యి చూసి భయపడిందని నేనెక్కడ రాశాను? ఆ చెయ్యి ఏం చేస్తుందో చూడాలనే కదా ఈ గోలంతా! నిన్న సాయంత్రం బూట్లు ఒళ్లో పెట్టుకుని ఏనుగుని చూస్తూ కూర్చుంది. "అక్క ఏం తప్పు చేసింది అమ్మమ్మా?" అని అడిగింది. అదే నేను మిమ్మల్ని అడుగుతున్నాను. జవాబుంటే రాయండి. ఆ అమ్మాయిని తిరిగి తీసుకొచ్చేదాకా నేను నిద్రపోను, మిమ్మల్నీ పోనివ్వను.

ఇట్లు,
దర్జీ అమ్మమ్మ

తా.క.: ఈసారి తా.క. లేదు. అంత కోపంగా ఉంది.

*

అమ్మమ్మగారికి,

చకచక అక్క నమస్కారాలు. పిడుగుకి ముద్దులు.

నాకిచ్చిన వేరే పని ఏమిటో తెలుసా? ఉత్తరాల కవర్లు విప్పడం. అధికారిగారి ఎదుటి బల్లే నాది. మొదటి రోజే ఆయన టీకి వెళ్లగానే ఫిర్యాదుల కట్ట తీశాను. నన్ను దింపేసిన జనమెవరో ఒకసారి చూడాలనిపించింది. కోపంతోనే విప్పాను.

కట్టలో అయిదున్నాయి. మూడు ఉత్తరాలు, ఒక బొమ్మ, ఒక చొక్కా. అన్నీ ఒకే ఇంటి నుంచి వచ్చినవే. గడప గడపకీ వెళ్లి కడిగేస్తానన్నారు కదా, అంత శ్రమ అక్కర్లేదు. మీరు మెట్లు కూడా దిగక్కర్లేదు. అనేకమంది అంటే మీరే.

మొదటి ఉత్తరం చదువుతుంటే ఏడుపొచ్చింది, దాచను. ఈ పనిలో పిల్లలెందరినో చూశాను. చెయ్యి ఎక్కడికి పోయిందని అడుగుతారు, నొప్పి పుడుతుందా అంటారు, దానితో ఏం చెయ్యగలవంటారు. చేసి చూపించగానే మిగతావి మర్చిపోతారు. పెద్దవాళ్లే అడగకుండా జవాబు చెప్పేసుకుంటారు. మీరూ అంతేనా అనుకున్నాను. తరువాత సంతకం కింద చూశాను. నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి పడబోయాను. మీరేమో అసలు సంగతంతా తా.క.లో పెడతారు. మా అధికారిగారేమో సంతకం దాకానే చదువుతారు. ఇన్నాళ్ల సర్వీసులో అదే ఆయన పద్ధతి. లేసు ముడి గురించి అడుగుతూ పిల్లలు రాసిన ఉత్తరాలు బస్తాడున్నాయి. వాటిని ఆయన బూట్ల కంపెనీకి పంపడానికి పక్కన పెట్టారు.

కట్ట పట్టుకుని డైరెక్టరు గదిలోకి వెళ్లి మీ తా.క.లు మాత్రమే గట్టిగా చదివాను. సోమవారం నుంచి కార్యక్రమం మళ్లీ నాదే. బల్ల తీసేస్తున్నారు. ఏనుగుని అధికారిగారి గదికి మార్చారు. ఆయన మీ ఆఖరి ఉత్తరం చూసి చాలా నొచ్చుకున్నారు, క్షమించమన్నారు. ఇప్పుడు ప్రతి ఉత్తరమూ కింది నుంచి పైకి చదువుతున్నారు.

పిడుగుకి ఒక మాట చెప్పండి. లేసు కొస అదిమింది పొట్టి చేత్తో కాదు, మోకాలితో! మోకాలు మీకెవరికీ కనపడలేదు. ఈసారి దగ్గరగా చూపించమన్నాను.

ఇట్లు,
చకచక అక్క

తా.క.: అసలు సంగతి ఇక్కడే రాయాలని మీ దగ్గర నేర్చుకున్నాను. చొక్కా వేసుకుని చూశాను. నేను కదిలినట్టున్నాను, కుడి చెయ్యి కాస్త బిగుతు. ఎడమ చెయ్యి సరిగ్గా సరిపోయింది. పుట్టినప్పటి నుంచీ ఏ చొక్కా వేసుకున్నా ఆ చేతిని మడిచి పిన్నీసు పెట్టుకోవడమే నాకు తెలుసు. నా చెయ్యి ఉన్నంతవరకే ఉన్న చొక్కా ఇదే మొదటిది. సోమవారం అయిదింటికి అదే వేసుకుని వస్తాను, చూడండి.