ఎర్రబడని పేరు

ఆదివారం రాత్రి

పాస్టరుగారమ్మాయి చర్చి హాజరుపట్టీని ఎక్సెల్‌లో పెట్టింది. మూడు వారాలు వరసగా రానివాళ్ల పేరు దానంతటదే ఎర్రబడుతుంది, మిగతావి ఆకుపచ్చగా ఉంటాయి. నాలుగు నెలలుగా స్త్రీల సమాజం వాళ్లం ఆ ఎర్ర పేర్ల ఇళ్లకే ప్రార్థనకు వెళ్తున్నాం.

ఇవాళ ఆరాధన అయ్యాక శాంతమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "మా ఇంటికి మీరు రావాలంటే నేనూ మూడు వారాలు చర్చి మానెయ్యాలా, రూతమ్మా?" నవ్వుతూనే అన్నారు గానీ చెయ్యి వదల్లేదు. భర్త పోయాక ఒక్కరే ఉంటున్నా, ఆవిడ ఒక్క ఆదివారం మానలేదు. "వస్తామండీ" అన్నాను, తలెత్తలేక.

మా అత్తగారి రోజుల్లో పట్టీ ఎక్కడిది? గొడుగేసుకుని కాలవగట్టు మీద మొదటి ఇంటి నుంచి వరసగా వెళ్లేవారు. వెనకాల బైబిలు పట్టుకుని నేను. ఇంటింటా మజ్జిగ తాగలేక అవస్థపడేదాన్ని. "తాగవే, ఒక్క గడప దాటేసినా ప్రభువు నన్నే అడుగుతాడు" అనేవారు.

రేపు పొద్దున్నే శాంతమ్మగారింటికి వెళ్తాను. ఇందాక ఫోన్‌లో పట్టీ తెరిచి ఆవిడ పేరు వెతుకుతుంటే నా పేరు కనబడింది. అదీ ఆకుపచ్చే. అత్తగారు పోయాక మా ఇంట్లో ప్రార్థనకు ఎవరూ వచ్చి కూర్చోలేదని అప్పుడు గుర్తొచ్చింది...