హిందీలో చెప్పలేని మాట

గురువారం, డిండోలి

బతకడానికొచ్చిన ఈ ఊళ్ళో డాక్టరుకు తెలుగు రాదు, మా ఆవిడ రజితకు హిందీ రాదు. అందుకే ఈరోజు ఆ మాట ముందు నేనే వినాల్సి వచ్చింది.

లాక్‌డౌన్‌లో పాప పుట్టినప్పటి నుంచి రజిత ఇంట్లో కత్తి ఉంచనివ్వదు. పాపతో ఒంటరిగా ఉండదు. బాలింత నీరసం అనుకున్నాను.

"కత్తి చూస్తే పాపను పొడుస్తనేమో అనిపిస్తది. నన్ను పాపకు దూరం పెట్టుమని సారుకు చెప్పు," అంది ఈరోజు డాక్టరు గదిలో, మాస్కు తడిసేలా ఏడుస్తూ.

హిందీలో ఎలా చెప్పానో నాకే తెలియదు.

డాక్టరు బెదరలేదు. చాలాసేపు అడిగి, ఇది ఓసీడీ అనే మనసు జబ్బు అన్నారు. ఆమెకు అలా చేయాలని లేదు, చేస్తానేమోనన్న భయమే జబ్బు. మందులు వాడుతూ, భయపెట్టే వాటికి కొద్దికొద్దిగా దగ్గర కావాలట. ముందుగా కత్తి ఇంట్లో ఉండాలి. నేను కాపలా కాయకూడదు! విన్నది నిజమేనా అని మళ్ళీ అడిగాను.

వచ్చే దారిలో కత్తి కొన్నాను. ఇంటికొచ్చాక రజిత అడిగింది, "నువ్వు నన్ను నమ్ముతున్నవా?"

"నమ్మకుంటే కత్తి ఎందుకు తెస్త?" అన్నాను.

ఎన్నో నెలల తర్వాత ఆమె పాపను పక్కలో వేసుకుని నిద్రపోయింది. నాకే లైటు తీసేయడానికి చెయ్యి రావడం లేదు.