మీగడ తిన్నవాడికా, చేపలు తిన్నవాడికా

లాల్‌దర్వాజా, హైదరాబాదు.

అన్నయ్యకు, వదినకు తమ్ముడు సూరిబాబు నమస్కారాలు.

మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. వదిన మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఈ వానలకు మన పెద్దాడి రొయ్యల చెరువు గట్టు నిలిచిందా? ఇక్కడ నేనూ మంగా బాగానే ఉన్నాం. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, కింద రాసేది చదివి నువ్వు కంగారు పడతావని. కంగారు పడకుండా చివరిదాకా చదువు.

ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. మీ ఇంట్లో ఫోను మోగితే స్పీకరులో పెట్టి నలుగురూ చుట్టూ చేరతారు. ఇది మనిద్దరం మాట్లాడుకోవలసిన సంగతి. పైగా నీకు ఎడమ చెవి సరిగా వినబడదు. నేను గట్టిగా అరిచి చెబితే ఈ సందంతా వింటుంది. అందుకే ఉత్తరం. చదివాక వదినకు నువ్వే చెప్పు, దాచవద్దు.

పనికి లోటు లేదు. యాదగిరి సేఠు గారి మిఠాయి కొట్టు గుడి వీధి మలుపులోనే ఉంది, మా అద్దె ఇంటి నుంచి నడిచి వెళ్లిపోతాను. ఎవరి పెళ్లిలోనో నా మడత కాజా తిని, వెతుక్కుంటూ మన ఊరు వచ్చిన మనిషి ఆయన, నీకు గుర్తుండే ఉంటుంది. మొదట్లో ఇక్కడివాళ్లు కాజాను అటూ ఇటూ తిప్పి చూసి "గిదేంది, పరాటా ముక్కనా?" అని అడిగేవారు. ఇప్పుడు శాలిబండ నుంచి, చాంద్రాయణగుట్ట నుంచి కూడా వచ్చి అడిగి మరీ కొంటున్నారు. బోనాలప్పుడు మాకు అన్నం తినడానికి కూడా తీరిక దొరకలేదు. ఇక్కడి ఎండ పొడి ఎండ. చెమట పట్టదు కానీ పెదవులు పగులుతాయి. సాయంత్రాలు మాత్రం హాయిగా ఉంటుంది. ఆ హాయి వేళకే మన గోదావరి గాలి గుర్తొచ్చి ఏమీ తోచదు. మంగ అయితే మొదటి నెలల్లో సందులో ఎవరైనా మన యాసలో మాట్లాడతారేమోనని గుమ్మంలో నిలబడి వినేది. ఇప్పుడు సేఠు గారి భార్య అనసూయమ్మ గారితో కలిసిపోయింది. "గట్ల గాదు వదినా" అని తానే అంటోంది.

సేఠు గారు మంచి మనిషి, దాదాపు నా ఈడువాడే. తిండి దగ్గర మాత్రం మా ఇద్దరికీ పడదు. పొద్దున్నే కడాయిలో పాలు మరిగితే, పైన కట్టిన మీగడతో సహా పెద్ద గ్లాసుడు ఆయనకు పడాలి. మధ్యాహ్నం మటన్, సాయంత్రం మళ్లీ మీగడ. నా క్యారియరులో చేపల పులుసు చూస్తే ముక్కు మూసుకునేవారు.

"మాస్టర్, నీ చేపల వాసనకు నా కోవా మీద ఈగలొస్తున్నయ్."

"అవి మీ మీగడ కోసం వస్తున్నాయండి, నా చేపల కోసం కాదు."

ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న సలీం భాయ్ మా మధ్య తీర్పరి. ఆయన ఎప్పుడూ ఇద్దరిదీ తప్పే అని తేల్చి, ఇద్దరికీ చాయ్ పోసేవాడు.

వానలు మొదలైనప్పటి నుంచి సేఠు గారు గద్దె మీద నిలకడగా కూర్చోలేకపోవడం గమనించాను. మాటిమాటికీ మూత్రానికని లేచి లోపలికి వెళ్లేవారు, వెళ్తే చాలాసేపటికి గానీ వచ్చేవారు కాదు. రాత్రుళ్లు కూడా అంతేనని అనసూయమ్మ గారు మంగతో చెప్పారట. అడిగితే నేనిచ్చిన ఆవకాయ వల్లే అన్నారు. వదిన పెట్టిన ఆవకాయ మీద మాట పడితే నేను ఊరుకుంటానా? "మీగడ వల్లే" అన్నాను.

అలాంటి రోజుల్లో ఒకనాడు సలీం భాయ్ ఉర్దూ పేపరు పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. మగవాళ్లకు మూత్రసంచి కింద ప్రోస్టేట్ అని ఒక గ్రంథి ఉంటుందట, దానికి వచ్చే క్యాన్సరు గురించి రాశారు. ఏ ప్రాంతం వాళ్లు ఏం తింటారన్న దాన్ని బట్టి అది కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ కావచ్చునట. పాలు, కొవ్వు ఎక్కువ తీసుకునేవాళ్ల మీద అనుమానం ఉందనీ, చేపలు, వండిన టమాటాలు తినేవాళ్లకు కొంత మేలేమోననీ చదివి వినిపించాడు. నాకు కాజా ఒకటి ఎక్కువ అమ్మినంత సంబరం వేసింది.

"విన్నారా సేఠు గారూ?"

"ఆ పేపరోడు మీ ఆంధ్రోడే అయ్యుంటడు."

"ఉర్దూ పేపర్ల ఆంధ్రోడు ఎందుకు రాస్తడు సేఠ్?" అన్నాడు సలీం భాయ్.

మాట మీద మాట పెరిగి పందెం దాకా వచ్చింది. ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఎవరి పరీక్ష చెడ్డగా వస్తే వాళ్లు నెల రోజులు రెండోవాళ్ల తిండి తినాలి. నిజం చెప్పాలంటే ఆయనను డాక్టరుకు చూపించాలని అనసూయమ్మ గారు ఎన్నాళ్లుగానో పోరుతున్నారు. ఆయన కదలడం లేదు. పందెం పేరు చెప్పి కదిలించవచ్చని నేనూ సలీం భాయ్ కళ్లతోనే అనుకున్నాం. నాకు ఏ బాధా లేదు. తోడుకు వెళ్తున్నాననుకునే వెళ్లాను.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవరు దాటాక ఉన్న ఆసుపత్రికి సలీం భాయ్ బావమరిది ఆటోలో వెళ్లాం. డాక్టరు గారు చిన్న వయసువాడే, నెమ్మదస్తుడు. ఇద్దరినీ పరీక్ష చేశాడు. ఆ పరీక్ష ఎలా చేస్తారో రాయను కానీ అరనిమిషంలో అయిపోయింది, సిగ్గు తప్ప నొప్పి లేదు. తర్వాత రక్తం తీసుకున్నారు.

ఫలితాలు చెప్పే రోజు నవ్వుకుంటూనే వెళ్లాం. సేఠు గారిది వయసుతో పాటు గ్రంథి వాయడమేనట, క్యాన్సరు జాడలు లేవు, మాత్రలు రాసిచ్చాడు. నా కాగితం మాత్రం డాక్టరు గారు రెండోసారి చూశాడు.

"సూరిబాబు గారూ, రక్తపరీక్షలో మీ నంబరు కొంచెం ఎక్కువుంది. ఒక్కోసారి ఊరికే కూడా పెరుగుతుంది. ఇంకోసారి చూద్దాం."

ఇంకోసారి చూసినా అంతే. తర్వాత స్కాను. ఆ తర్వాత గ్రంథిలోంచి చిన్న చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపారు. ఆ ఫలితం వచ్చేదాకా నేను పడ్డ అవస్థ దేవుడికే తెలియాలి అన్నయ్యా. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, పాకం ముదరబెట్టాను. ఒకసారి కాదు. కాజాలన్నీ రాళ్లయిపోయాయి. సేఠు గారు చూసి, ఒకటి నోట్లో వేసుకుని కటకట నమిలి "మస్తుగున్నయ్" అన్నారు. అప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. మంగ పైకి ధైర్యంగా ఉండేది. పప్పు రుబ్బుతూ రుబ్బుతూ ఆగిపోయేది.

"ఈ ఊరు రాబట్టే ఇదంతా. ఆ బిర్యానీలు, ఆ డాల్డాలు" అని ఒకరోజు ఏడ్చేసింది. "మన ఊళ్లో మన చేపలు తింటూ ఉంటే నీకేమయ్యేది కాదు."

నాకూ అదే అనుమానంగా ఉండేది.

చివరి ఫలితం రోజున సేఠు గారు పొద్దున్నే కొట్టుకు తాళం వేసేశారు. పండుగ కాదు, ఎవరూ పోలేదు, ఆ వీధిలో అందరూ ఏమైందని అడిగారు. "మాస్టర్‌తోని పనుంది" అని మాత్రం చెప్పి మాతో ఆటో ఎక్కారు. డాక్టరు గారి గది బయట నేను, మంగ, ఆయన వరసగా కూర్చున్నాం. ఆయన నా చెయ్యి పట్టుకోలేదు, ధైర్యం చెప్పలేదు. తలనొప్పి వచ్చేటట్టు రాజకీయాలు మాట్లాడారు. దాని వల్లే నేను కూర్చోగలిగాను.

క్యాన్సరే అన్నయ్యా. ఆ మాట నేనే రాస్తున్నాను, ఇంకెవరో చెబితే భయపడతావు. కానీ చాలా చిన్నది, గ్రంథి దాటి బయటికి పోలేదు, మెల్లగా పెరిగే రకం. ఇప్పుడే ఆపరేషను అవసరం లేదన్నాడు. అప్పుడప్పుడూ రక్తపరీక్ష, మధ్యలో స్కానులు, కనిపెట్టుకుని ఉండడం. పెరిగితే అప్పుడు వైద్యం చేస్తారు. దీనితోనే నిండుగా బతికి, ముసలితనంతో పోయేవాళ్లు ఎందరో ఉన్నారట.

మంగ తన అనుమానం అడిగేసింది. "హైదరాబాదు తిండి వల్లేనా బాబూ?"

డాక్టరు గారు నవ్వలేదు, ఓపికగా చెప్పాడు. "కాదమ్మా. ఇది ఏళ్ల తరబడి మెల్లగా తయారయ్యేది, మీరొచ్చి ఏడాది. అయితే మీ అనుమానంలో కొంత నిజం ఉంది. ఈ జబ్బు తక్కువగా ఉండే దేశం నుంచి ఎక్కువగా ఉండే దేశానికి పోయి స్థిరపడ్డవాళ్లలో, వాళ్ల పిల్లల్లో ఇది పెరుగుతుంది. కాబట్టి తిండికి, బతికే తీరుకు ఏదో పాత్ర ఉందనుకుంటాం. పాలు, కొవ్వు మరీ ఎక్కువైతే మంచిది కాదేమో. కూరలు, పప్పులు, టమాటా, చేపలు మంచివేమో. అన్నీ 'ఏమో'లే. ఒంట్లో కొవ్వు పెరగకుండా చూసుకోండి, నడవండి, అది ఖాయం."

"అంటే చేపలు తిన్నందుకు లాభం లేదా సార్?" అన్నారు సేఠు గారు. నా తరఫున ఆయనే బాధపడుతున్నట్టు అడిగారు.

"లాభం లేదని కాదు. ఏ తిండీ తాళం వేసిన తలుపు కాదు. అన్నిటికంటే పెద్దవి వయసు, వంశం." తర్వాత నా వైపు తిరిగి "మీ నాన్నగారు ఎలా పోయారు?" అని అడిగాడు.

నాన్న చివరి ఏడాది నీకు తెలుసు. నడుము నొప్పి, ఎముకల్లో పోటు, మూత్రం బిగుసుకుపోవడం. వాతమని మూలిక నూనె రాశాం. అది ఇదేనా అని అడిగితే, ఇప్పుడు చెప్పలేం, కావచ్చు అన్నాడు. అన్నదమ్ములు ఉన్నారా అని వెంటనే అడిగాడు. ఉన్నాడు, నాకంటే పెద్దవాడు అన్నాను. "ఆయనను ఈ నెలలోనే పరీక్ష చేయించుకోమనండి" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పందెం సంగతి నేనే ఎత్తాను. గెలిచింది మీరు, నెల రోజులు మీ మటన్ నేను తినాలి అన్నాను. సేఠు గారు ఆటో బయటికి చూస్తూ "షర్తు లేదు గిర్తు లేదు, సప్పుడు జెయ్యక కూసో మాస్టర్" అన్నారు. ఆటో దిగుతూ తానే అన్నారు: "నీకు ఏం కాదు. నీకేమన్నయితే ఆ కాజా ఎవడు జేస్తడు?"

ఇప్పుడు మధ్యాహ్నాలు కొట్టు వెనక ఇద్దరం కలిసే తింటున్నాం. అనసూయమ్మ గారి జొన్నరొట్టె, పచ్చిపులుసు, మంగ టమాటా వేసి వండిన చేపల పులుసు. సేఠు గారు ముక్కు మూసుకోవడం మానేశారు, పులుసు గిన్నె అడుగు కూడా గీకుతున్నారు. మీగడ గ్లాసు బాగా చిన్నదయింది. సాయంత్రం ఇద్దరం శాలిబండ దాకా నడిచి వస్తున్నాం. "మీ పరహేజ్‌తోని నా చాయ్ బేరం పోతున్నది" అని మా పథ్యం మీద సలీం భాయ్ లొల్లి పెడుతున్నాడు. ఆయనను కూడా పరీక్షకు తీసుకుపోయాం, ఏమీ లేదు. నేను బాగా తింటున్నాను, బాగా నిద్రపోతున్నాను. పాకం మళ్లీ నా మాట వింటోంది.

ఇక నీ సంగతి. నాకేమీ లేదు, రోజూ చేపలే కదా తినేది అంటావని నాకు తెలుసు. నేనూ చేపలే తిన్నాను. నాకూ ఏ బాధా లేదు. బాధ ఉన్న సేఠు గారికి జబ్బు లేదు, ఏ బాధా లేని నాకు ఉంది. కాబట్టి ఒంట్లో ఎలా ఉందో చూసుకుని నిర్ణయించవద్దు. కాకినాడలో మంచి డాక్టర్లు ఉన్నారు. మూత్ర వ్యాధుల డాక్టరుకు చూపించు, నాన్న సంగతి, నా సంగతి రెండూ చెప్పు. పెద్దాడికి కూడా చెప్పి ఉంచు, వాడికి వయసు వచ్చాక పనికొస్తుంది. సిగ్గు పడవద్దు. ఆ అరనిమిషం నేను కూడా సిగ్గుపడ్డాను, ఇప్పుడు నవ్వొస్తోంది.

వదినను కొంచెం ఎండు మెత్తళ్లు పంపమను, అనసూయమ్మ గారు రుచి చూస్తానన్నారు. గట్టిగా కట్టి పంపండి, వాసనకు బస్సులో గొడవ కాకుండా. పెద్దక్కకు, మేనమామకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. మంగ మీ ఇద్దరి కాళ్లకూ నమస్కారం చెప్పమంది. మా ఇద్దరినీ చల్లగా ఉండమని దీవించండి.

పరీక్షకు ఏ రోజు వెళ్తావో ముందుగా ఒక్క ముక్క చెప్పు. సేఠు గారిని సెలవు అడిగాను, వెళ్లమన్నారు. ముందు రోజే రైలెక్కి వచ్చేస్తాను. డాక్టరు గారి గది బయట నువ్వు ఒక్కడివే కూర్చోవద్దు.

నీ దీవెనలు కోరుతూ,
తమ్ముడు సూరిబాబు